అంటించిన చీకటి

కుక్కర్‌కి విజిల్ పెట్టి పప్పు ఉడికించి అల్మాస్‌కి నాలుగేళ్లయింది. కుక్కర్ లేక కాదు. ఉంది, పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిందే, వంటింటి పై అరలో బోర్లించి ఉంది. అది కూత పెడితే రమీజ్‌కి నిద్ర చెడుతుంది. అందుకని రోజూ మధ్యాహ్నం రెండింటికి బడిలో పాఠాలు చెప్పి వచ్చి, బురఖా విప్పీ విప్పకముందే, మామూలు గిన్నెలో పప్పు పడేసి ముప్పావుగంట పొయ్యి దగ్గర నిలబడుతుంది. గరిటె గిన్నెకి తగలకుండా కలపడం కూడా ఒక విద్యే. ఆ విద్య ఆమెకి బాగా వచ్చేసింది.

రమీజ్ గల్ఫ్ దేశంలో, ఖోర్ ఫక్కాన్ పోర్టులో క్రేన్ నడుపుతాడు. 2003లో అతన్ని నైట్ డ్యూటీకి వేశారు. సాయంత్రం ఆరుకి ఎక్కితే పొద్దున ఆరుకి దిగుతాడు. పగలు పడుకోవాలంటే చీకటి కావాలి కదా, ఆ ఊళ్లో పోర్టు వాళ్లంతా చేసే పనే అతనూ చేశాడు. రొట్టెలు చుట్టే వెండి కాగితం రెండు చుట్టలు కొనుక్కొచ్చి కిటికీ అద్దాలకి టేపుతో అంటించాడు. రోడ్డు మీద నిలబడి తలెత్తితే, మెరిసే కిటికీలని బట్టి ఏ ఇంట్లో నైట్ డ్యూటీ మనిషి ఉన్నాడో చెప్పేయొచ్చు. పడగ్గదికి అంటించి ఊరుకుంటే సరిపోయేది. తలుపు కింద సందులోంచి వెలుతురొస్తోందని హాలుకీ, వంటింటికీ కూడా అంటించాడు. "నా ఒక్కడి సుఖం కోసమా? నేను కునుకు తీస్తే కంటైనర్ కింద మనుషులుంటారు," అన్నాడు. ఆ మాటకి ఏం ఎదురు చెబుతుంది? నోరు మూసుకుంది.

ఆ నోరు మూసుకోవడం కూతురికీ వచ్చింది. ఆఫ్రీన్‌కి ఇప్పుడు ఆరేళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఇంట్లో గుసగుసే తప్ప మాట వినలేదు. ఆకలైనా గుసగుసే, ఏడుపొచ్చినా గుసగుసే. "మీ పాప చక్కగా చదువుతుంది గానీ, క్లాసులో గొంతే పైకి రాదండీ," అని టీచరు చెబితే అల్మాస్ నవ్వేసి ఊరుకుంది. ఇంటికొచ్చి వంటింట్లో ఏడ్చింది, అదీ చప్పుడు లేకుండానే.

నెల్లూరులో అత్త జైబున్నీసా ఫజర్ నమాజు కాగానే ఫోన్ చేస్తుంది. అక్కడ ఐదున్నర, ఇక్కడ నాలుగు. "ఏమ్మే, ఇంకా లేవలా? రేయంతా గాల్లో యాలాడి వస్తా ఉండాడు నా బిడ్డ. వేడిగా నాలుగు మెతుకులు పెట్టేదానికి ఏమి నీకు?" ఆ నాలుగు మెతుకులంటే తెల్లారేసరికి కోడికూర, అన్నం, రసం. ఆరున్నరకి బడి బస్సు. తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం. రెండింటికి ఇల్లు, అంటే చీకటి. రమీజ్ లేచి టీ తాగి డ్యూటీకి వెళ్లేసరికి బయట కూడా పొద్దు వాలిపోయి ఉంటుంది. ఆ తర్వాత ట్యూబ్‌లైటు కింద పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకోవడం. పదకొండింటికి నడుం వాలిస్తే రెండు దాటినా కన్ను మూతపడదు. ఒళ్లు పచ్చిపుండులా ఉంటుంది, నిద్ర మాత్రం రాదు.

పోయిన నెల పరీక్ష హాల్లో కాపలా కూర్చుని, కూర్చున్నదల్లా నిద్రపోయింది. ముప్పై మంది పిల్లలు హాయిగా ఒకరి పేపరు ఒకరు చూసి రాసుకున్నారు. ప్రిన్సిపాల్ మెమో చేతిలో పెట్టి, "ఇంకోసారైతే ఖలాస్, మేడమ్," అన్నాడు. రమీజ్‌కి చెబితే, "మానెయ్. ఇంట్లో హాయిగా పడుకో. నీ ఉద్యోగంతోనే గడుస్తా ఉండాదా మనకి?" అన్నాడు. ఇంట్లో పడుకోవాలట. బోర్డు ముందు నిలబడి గొంతెత్తి మాట్లాడే ఆ ఐదారు గంటలే ఆమెకి మిగిలాయని అతనికి తట్టనే లేదు.

నిద్రమాత్రల కోసం డాక్టర్ వేణుగోపాలరావు దగ్గరికి వెళ్లింది. గుంటూరు మనిషి, మాటకారి. మాత్రలు రాయకుండా కాగితం మీద ఒక గుండ్రం గీశాడు.

"కణం అనుకోండి. పగలు ఇందులో కొన్ని ప్రోటీన్లు తయారవుతా ఉంటాయి. పేరుకుని పేరుకుని, చివరికి కేంద్రకంలోకి పోయి తమ తయారీని తామే ఆపేస్తాయి. రాత్రంతా మెల్లగా విరిగిపోతాయి. అన్నీ పోయాక మళ్లీ తయారీ మొదలు. ఈ చుట్టు తిరగడానికి ఇంచుమించు ఒక రోజు. అదేనమ్మా మన ఒంట్లో గడియారం."

సింకులో అంట్లు పేరుకున్నట్టు, అనుకుంది అల్మాస్. నిండితే వంట ఆగుతుంది, తోమితే మళ్లీ వంట. ఒంటి లోపల కూడా ఎవరో ఒకరు తోముతూనే ఉన్నారన్నమాట. నవ్వొచ్చింది, నవ్వే ఓపిక లేదు.

"అయితే దాన్ని రోజూ సరిచేసేది వెలుతురు," అన్నాడు డాక్టర్. "మీరు ఇంట్లో ఎండ చూసి ఎన్నాళ్లయింది?"

"మా ఆయనకి నైట్ డ్యూటీ అండీ."

"ఆయనకి సరే. మరి మీకు?"

ఆ ప్రశ్నకి జవాబు ఇంటికొచ్చే దారంతా వెతుక్కుంది.

మర్నాడు బడి నుంచి వచ్చాక పొయ్యి దగ్గరికి వెళ్లలేదు. రమీజ్ నిద్ర చెడగొట్టాలని ఆమెకి లేదు, క్రేన్ కింద మనుషుల్ని ఆమె మరిచిపోలేదు. ముందు పాత తువ్వాలు మడిచి పడగ్గది తలుపు కింద సందులో గట్టిగా దోపింది. తర్వాత కుర్చీ ఎక్కి హాలు కిటికీ టేపుని గోటితో లేపింది. నాలుగేళ్ల ఎండకి ఎండిపోయిన టేపు పెళుసుగా ముక్కలై ఊడింది. కాగితం పరపర చిరిగింది. ఆఫ్రీన్ వేలు పెదవి మీద పెట్టుకుని, "ష్, అమ్మీ," అంది. ఎండ వచ్చి పిల్ల కాళ్ల మీద పడింది.

పడగ్గది తలుపు తెరుచుకుంది. రమీజ్ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది అల్మాస్, ఈ కాగితం కోసం ఇంత రచ్చా?"

"మీ గదిది తియ్యలా. తలుపు కింద గుడ్డ పెట్టినా. పోయి పడుకోండి."

"నైట్ డ్యూటీ చేసేది నేనా, నువ్వా?"

"మీరే. అందుకే రాత్రిని మీ గదిలోనే ఉంచినా. నాకు పగలు కావాల. ఉద్యోగం మాత్రం మానను."

అతను ఎండకి కళ్లు చిట్లించి, లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆమె వంగి తువ్వాలు మళ్లీ దోపింది. నడుం పట్టేసింది. అలాగే కిటికీ కింద నేల మీద కూర్చుని, ఆఫ్రీన్‌ని పుస్తకం తెమ్మంది. పిల్ల పక్కన చేరి గుసగుసగా చదవడం మొదలుపెట్టింది.

"గట్టిగా," అంది అల్మాస్.

పిల్ల మూసిన తలుపు వంక చూసింది. "అబ్బా పడుకున్నారు కదా, అమ్మీ."

"అబ్బా పడుకున్నారు. నువ్వూ నేనూ మేలుకుని ఉన్నాం. చదువు."