సున్నం కొట్టిన వీరగల్లు

స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు. బండికి బాడుగల్లేక ఎద్దుల్ని అమ్ముకుందామనుకుంటున్నాను. అప్పుడు కాలేషా వచ్చాడు. మాచర్ల స్టేషను దగ్గర అతనికి టీ అంగడి ఉంది. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు.

"యోబు మామా, నాగార్జునకొండ చూడనొచ్చే తెల్లోళ్లకి మీ ఊరి వీరగల్లు సంగతి చెప్పా. బేస్తవారం అమెరికా దొరసాని వస్తంది. ఆమెకి నచ్చితే ఇంకా నలుగుర్ని పంపిస్తది. నీ బండికి పనే పని."

వీరగల్లు ఊరి బయట ఉంది. ఎప్పుడో పోరులో చచ్చిన వీరుడి గుర్తుగా, కత్తి పట్టిన మనిషినీ, పక్కన కోడిపుంజునూ చెక్కిన రాయి. మేము రోజూ దాని పక్కనుంచే పోతాం. ఆగి చూసింది లేదు.

ఇంటికి చుట్టం వస్తుంటే గోడకు సున్నం కొట్టడం మా మర్యాద. మా సీమలో నీళ్లకు కరువు గాని సున్నానికి లేదు. బుధవారం నేనూ, నా భార్య ఆదెమ్మా రాయికి రెండు పూతలు పూశాం. తెల్లగా మెరిసింది. కత్తీ, కోడీ పూడిపోయాయి. అది మాకు తట్టలేదు.

మర్నాడు రైలు దిగిన దొరసానినీ, కాలేషానూ బండిలో తీసుకొచ్చాను. ఆమె రాయి చుట్టూ తిరిగింది. వేలితో గీకి చూసింది.

"ఏంది మామా ఇది?" అన్నాడు కాలేషా.

"సున్నం."

"కనపడతానే ఉంది. ఎందుకు కొట్టావ్?"

"చుట్టం వస్తందన్నావుగా."

"ఆమె బొమ్మని చూడనొచ్చింది. ఇంకెవుర్ని పంపిస్తది? నీ ఎద్దులు సంతకే."

ఆదెమ్మ నీళ్ల కడవతో వచ్చింది. "నోరు మూసుకోరా కాలేషా. పూసినోళ్లమే కడగతాం. పచ్చి సున్నం, ఎంతసేపు."

ఇరుగుపొరుగు ఆడవాళ్లు బీరపీచులు పట్టుకొచ్చారు. దొరసాని కాసేపు చూసి, బూట్లు విప్పి, ఆదెమ్మ చేతిలో పీచు తీసుకుంది.

"కత్తి కాడ మెల్లిగా తోమమని చెప్పరా."

"తోమటాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలవదత్తా."

"చేత్తో చూపిచ్చు. మొగోడివి, అదీ రాదా?"

ముందు కోడి తురాయి బయటపడింది. దొరసాని నవ్వింది. అందరూ నవ్వారు. మధ్యాహ్నం జొన్నరొట్టె, చింతకాయ పచ్చడి పెట్టాం. కళ్లనీళ్లు తుడుచుకుంటూనే మళ్లీ వేయించుకుంది. ఆడవాళ్లు రాయి తోముతుంటే ఫోటో తీసుకుంది. సాయంత్రం రైలు తప్పిపోయింది.

మాఘంలో దొరసాని పంపిన నలుగురు వచ్చారు. ఈసారి రాయి శుభ్రంగా ఉంది. వాళ్లు దాన్ని చూసి, దొరసాని తీసుకున్న ఫోటోని సంచిలోంచి తీసి చూపించి, కాలేషాతో ఏదో అన్నారు. కాలేషా తల గోక్కున్నాడు.

"రాయి ఎప్పుడు కడగతారంటన్నారు మామా."

"కడిగే ఉందిగా."

"అదే వాళ్ల బాధ. వాళ్లూ తోమాలంట."

ఆదెమ్మ మాత్రం తడుముకోలేదు.

"దానికేముంది. ఇంట్లో అంట్లున్నయ్. రమ్మను."

నలుగురూ పెరట్లో కూర్చుని తోమారు. చివరి గిన్నె బోర్లించాక, వాళ్లని నాగార్జునకొండకు తీసుకుపోను నేను బండి కట్టాను.