నాలుగో ముక్క

ఇస్త్రీ కొట్టు పైన మేడగదిలో మాస్టారు రోజూ పొద్దున్నే డ్రైవరు, నర్సు, ఇలా పనులకెళ్ళే ఆరుగురికి ఇంగ్లీషు చెప్పేవాడు. ఆ గదికంతా ఒకటే పొడవాటి బల్ల. పెద్ద మాటను ముక్కలుగా విడగొట్టి, ముక్కకొకరిని దాని మీద కూర్చోబెట్టేవాడు. అతని గొంతు ఏ ముక్కను ఒత్తి పలికితే ఆ ముక్క మనిషి బరువెక్కి, బల్ల అక్కడ కుంగేది. ఒత్తని ముక్కలవాళ్ళు తేలికైపోయి, వాళ్ళ పాదాలు నేల విడిచేవి. డ్రైవరు చెప్పు జారిపడిందని నవ్వుకునేవారే గాని, అందులో వింత ఎవరికీ కనబడలేదు.

"రెస్పాన్సిబుల్‌కి బరువు రెండో ముక్క మీద," అనేవాడు మాస్టారు. "దానికి 'ఇటీ' అని తోక తగిలించామా, బరువు నాలుగో ముక్కకి జరుగుతుంది. రి, స్పాన్, సి, బి, లి, టీ."

ఆ రోజు పెద్ద స్కూలు ప్రిన్సిపాలమ్మ పాఠం చూడ్డానికి వచ్చింది. నచ్చితే మాస్టారికి అక్కడ ఉద్యోగం. నాలుగో చోట కూర్చునే నర్సు రాలేదు. అప్పుడే మాస్టారి అక్క కింది కొట్లోంచి అతని కోటు ఇస్త్రీ చేసి పైకి తెచ్చింది. తమ్ముడి చదువు కోసం తను బడి మానేసి ఇస్త్రీపెట్టె పట్టిన మనిషి.

"ఎవరండీ ఆవిడ?" అంది ప్రిన్సిపాలమ్మ.

"కింద ఇస్త్రీ చేసే మనిషండి."

అక్క కోటు మడత నలగకుండా కుర్చీకి తగిలించింది.

"చోటు ఖాళీగా ఉందిగా, కూర్చోమనండి," అంది ప్రిన్సిపాలమ్మ.

అక్క నాలుగో చోట కూర్చుంది. మాస్టారు ఆ 'ఇటీ' తోక మాటే ఎత్తుకున్నాడు. నాలుగో ముక్క దగ్గరికొచ్చేసరికి గొంతు పీలబోయింది. బల్ల కుంగలేదు. అక్క దూదిలా లేచి, మోకాలెత్తున గాల్లో నిలిచింది. మిగతా ఐదుగురూ తలలు దించుకున్నారు.

"మాట తప్పిందే!" అంది ప్రిన్సిపాలమ్మ.

"ఆవిడకి నోరు తిరగదండి," అనేశాడు మాస్టారు.

"నేను నోరు తెరిస్తే కదరా," అంది అక్క పైనుంచి, మెల్లగా.

ఆ 'రా' అందరికీ వినబడింది. మాస్టారి మొహం కాలిన బట్టలా కమిలిపోయింది.

"మా అక్కండి," అని గొణిగాడు.

"ఏమిటి సార్? ఈ చివరికి వినపళ్ళేదు," అన్నాడు డ్రైవరు.

"మా అక్క!"

ఆ మాటకున్న ఒత్తు అప్పుడు పడింది. అక్క కిందికి దిగింది. బల్ల నాలుగో చోట నేలకంటా కుంగింది.

ప్రిన్సిపాలమ్మ లేచింది. "పాఠం బాగుందండి. కాకపోతే మా పిల్లలకి మొదటిసారే సరిగ్గా చెప్పేవాళ్ళు కావాలి."

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. అక్క లేవబోయి, బరువుకి లేవలేక చెయ్యి చాపింది. "లేపరా, కింద పెట్టె కాలుతోంది."

మాస్టారు రెండు చేతులా పట్టి లేపాడు. ఆ బరువుకి అతని నడుం వంగిపోయింది.

అతను ఇంకా ఆ మేడగదిలోనే పాఠం చెబుతున్నాడు. బల్ల నాలుగో చోట కుంగినది కుంగినట్టే ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు అటు చూస్తే చాలు, అడక్కముందే చెబుతాడు: "మా అక్క కూర్చున్న చోటు."