ముప్పై ఒకటో వారం

నేను ఒక నవలను. అలా అనగానే ఎన్నో ముద్రణ, ముఖచిత్రం ఎవరు వేశారు అని అడగకండి. ఆ మర్యాదలేవీ నాకు జరగలేదు. నన్ను ఒక వారపత్రికలోంచి వారానికి నాలుగు పేజీల చొప్పున చింపి, ఏడాది పాటు ట్రంకుపెట్టెలో దాచి, ఆఖరికి దబ్బనంతో కుట్టించి అట్ట వేయించారు. నరసాపురంలో మస్తానయ్య బైండింగు షాపే నా పురిటిగది. నా పేరు 'ఏడు తాళాల దీవి'. నాలో చంద్రహేల అనే యువరాణి, రాయిగా మారిపోయిన విజయకేతుడు, మూడు వందల ఏళ్ళుగా వేరే పనేమీ పెట్టుకోని ఒక మాంత్రికుడు, లెక్కకు మించిన వెన్నెల ఉన్నాయి. 'యువతీయువకుల కోసం అద్భుత ప్రేమగాథ' అని పత్రికవాళ్ళు ప్రతివారం పైన వేసేవారు. చదివింది మాత్రం వీధి వీధంతా.

ఆ రోజుల్లో ఒక వీధికి ఒక పత్రిక సరిపోయేది. కొనేది లేసు అల్లే మహాలక్ష్మమ్మగారు. ఆవిడ చదివాక పక్కింటికి, అక్కణ్ణుంచి ఎదురింటికి, చివరికి సుభాషిణి ఇంటికి వచ్చేదాన్ని. సీరియల్ పేజీలు చింపుకునే హక్కు ఆఖరున చదివినవాళ్ళది. వీధిలో ఎవరూ రాసిపెట్టని చట్టం అది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న సుభాషిణి ఆ హక్కు కోసమే ఏరికోరి ఆఖరి వరస తీసుకుంది. దానికి శిక్ష కూడా పడింది. నేను తన చేతికి వచ్చేసరికి ఆ వారం కథ మొత్తం కుళాయి దగ్గర బిందెలు నిండేలోపే ఆ పిల్ల చెవిన పడిపోయేది. ఏం జరుగుతుందో ముందే తెలిసిపోయాక చదివే మనిషికి ఇక మిగిలేది ఒక్కటే, జరిగినదాని మీద అభిప్రాయం. ఆ అభిప్రాయాలన్నీ నా మార్జిన్లలో పెన్సిలుతో రాసేది.

ఎంత ఘాటుగా రాసేదనుకున్నారు! 'హీరో ఇంకా గుర్రం దిగలేదు, అప్పుడే ప్రేమలో పడిపోయాడు. గుర్రం కూడా ఆశ్చర్యపోయి ఉంటుంది.' ఇది మూడో వారం. 'కళ్ళల్లో కళ్ళు పెట్టి చూసుకోవడం ఇది పదమూడోసారి. ఇద్దరిలో ఒకరైనా నోరు విప్పితే కథ నడుస్తుంది.' ఇది పంతొమ్మిదో వారం. 'ఒంటరిగా మూడు సేనలను ఓడించిన అమ్మాయికి ఈ పిల్లకాలువ దాటడానికి అతని చెయ్యి కావాలా?' అని ఒకచోట. ఇంకోచోట మాత్రం, 'ఈ వారం ఏడ్చాను. ఎందుకో రాయను' అని ఊరుకుంది. తిట్టినా ఏడ్చినా ఒక్క పేజీ నలగనిచ్చేది కాదు. నన్ను అంతగా ప్రేమించిన మనిషే నన్ను అంతగా తిట్టిందని గర్వంగానే చెప్పుకుంటాను.

నాలుగో వారంలో ఒక మాట కింద రెండు గీతలు గీసింది. దీవిలో ప్రతి తాళానికీ ఒక కట్టుబాటు ఉంది. వెల తీసుకునే ముందు, అడిగిన ఒక్క ప్రశ్నకు తాళం నిజమైన జవాబు చెప్పాలి. రచయిత ఆ మాట రాసి మర్చిపోయాడు. సుభాషిణి మర్చిపోలేదు. పక్కన ఇలా రాసుకుంది. 'మంత్రానికి ఒక నియమం ఉండాలి. ఎప్పుడు పడితే అప్పుడు, ఎలా పడితే అలా పనిచేస్తే అది మంత్రం కాదు, రాసేవాడి బద్ధకం.'

ముప్పయ్యో వారం చివర కథ పీటముడి పడింది. ఏడో తాళం అడిగిన వెల చంద్రహేల జ్ఞాపకాలు. అవి ఇచ్చేస్తే విజయకేతుడు రాతిలోంచి లేస్తాడు, ఆమెకు మాత్రం తానెవరో గుర్తుండదు. ఇవ్వకపోతే అతను రాయిగానే ఉంటాడు. ఆ వారమంతా సుభాషిణికి అన్నం సయించలేదు. తీరా ముప్పై ఒకటో వారం పత్రిక వస్తే, అందులో నా పేజీలు లేవు. మహాలక్ష్మమ్మగారింటికి పరుగెత్తింది.

"వెనకవైపు నెమలి డిజైనుందే తల్లీ, లేసుకి బాగుంటుందని కత్తిరించేశాను. మధ్యలోకి కోసెయ్యడంతో కథ ముక్కలైపోయింది, పొయ్యిలో పడేశా. ఏం, నీ కథేవన్నా పోయిందా?"

"ఏవన్నా ఏవిటి పిన్నిగారూ, అంతా పోయింది! తాళం ఎలా తెరుచుకుంది?"

"తెరుచుకుందే. అదొక్కటే గుర్తు. ఎలాగో అడక్కు."

పుస్తకాల షాపులో అడిగితే మిగిలినవి వాపసు పంపేశామన్నారు. ముప్పై రెండో వారంలో విజయకేతుడు లేచి తిరుగుతున్నాడు, చంద్రహేలకు అన్నీ గుర్తున్నాయి, ఎలాగన్నది రచయిత మళ్ళీ ఎత్తనే లేదు. నా నడుములో అంత ఖాళీ. పది రోజులు చూసి సుభాషిణి రికార్డు బుక్కులోంచి తెల్లకాగితాలు తీసి, ముప్పై ఒకటో వారాన్ని తనే రాసింది. ఆరు పేజీలు, నీలి సిరా, కొట్టివేతలు రెండే. ఆ పిల్ల రాసే 'ళ' తోక గీత కిందికి దిగి వెనక్కి తిరిగేది. ఇప్పటికీ ఆ అక్షరాలు నా ఒంటి మీద అలాగే ఉన్నాయి.

ఆ పేజీల్లో చంద్రహేల ఏడవలేదు, త్యాగమూ చేయలేదు. తాళం ముందు నిలబడి, "వెల ఇస్తాను. ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పు. నేనన్నీ మరిచిపోయాక, ఇతను లేచి నన్ను పేరు పెట్టి పిలిస్తే, పలికేది ఎవరు?" అని అడిగింది. తాళం చాలాసేపు ఆలోచించింది. దానికి జవాబు తెలియలేదు. జవాబు చెప్పలేని తాళానికి వెల అడిగే హక్కు లేదు కాబట్టి నోరు మూసుకుని తెరుచుకుంది.

మస్తానయ్య ఆ ఆరు పేజీలనూ నాలో కలిపి కుట్టాడు. సుభాషిణి ఒళ్ళో కూర్చుని నేను ఇంటికి వచ్చాను. ఆ పిల్లకు ఒకటే కోరిక. ఎవరైనా చదివి, తను రాసింది బాగుందో లేదో ఒక్క ముక్క చెబితే చాలు. అడగాలంటే సిగ్గు. అందుకని ఆదివారం చుట్టాలొచ్చినప్పుడు నన్ను హాల్లో అందరికీ కనిపించేచోట పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చూసింది వాళ్ళ చిన్నాన్న కామేశ్వర్రావు. ఆయన చెడ్డవాడేం కాదు, నలుగురు చేరితే నవ్వించకుండా ఉండలేని మనిషి. భోజనాల దగ్గర నన్ను చేత్తో ఎత్తి పట్టుకుని, ఆరు పేజీలూ హరికథలా రాగం తీసి చదివాడు. "ఏవమ్మా రచయిత్రీ, తాళానికి ఇంటర్వ్యూ పెట్టావా?" అన్నాడు. పంక్తి అంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. వాళ్ళమ్మ కూడా నవ్వింది. పెరుగు వడ్డించడానికి వచ్చిన సుభాషిణి గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నాకు కాళ్ళుంటే నేనూ వెళ్ళిపోదును. మర్నాడు తన పేరు రాసుకున్న నా మొదటి పేజీని తనే చింపేసి, 'చదవడానికి ఏమైనా ఇస్తావా' అని మొదట అడిగిన మనిషి చేతిలో నన్ను పెట్టేసింది. తిరిగి ఇవ్వమని చెప్పలేదు.

ఆ మనిషి నర్సు ట్రైనింగుకి ఏలూరు వెళ్తున్న దయామణి. హాస్టల్లో నేను ఒక్కచోట నిలబడలేదు. ఒక మంచం మీద నుంచి ఇంకో మంచం మీదికి పోతూనే ఉన్నాను. సుభాషిణి పెన్సిలు మాటలు చూసి ఆ అమ్మాయిలకూ ధైర్యం వచ్చింది. ఒకామె పదమూడోసారి అన్నచోట 'పద్నాలుగు, మీరు ఒకటి వదిలేశారు' అని దిద్దింది. విజయకేతుణ్ణి తిట్టినచోటల్లా ఎవరో 'అతన్నేమీ అనకండి' అని ఎర్రసిరాతో అడ్డం పడింది. అయితే అందరి చేతులూ రాయడానికి ఆగింది ముప్పై ఒకటో వారం దగ్గరే.

దయామణి నన్ను పాలకొల్లులో అద్దె పుస్తకాల షాపుకి ఇచ్చింది. అక్కడ పాతికేళ్ళున్నాను. పుస్తకాల మీద ఏమీ రాయరాదని షాపు యజమాని వీరాస్వామి బోర్డు పెట్టాడు. నా విషయంలో మాత్రం ఆ బోర్డు ఎవరికీ కనిపించలేదు. ఎంతమంది ఇళ్ళకు వెళ్ళానో! పోపు మరకలు నాలుగు, కొబ్బరినూనె మరక ఒకటి ఒంటికంటుకున్నాయి. ప్రేమకథలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారని అరిచిన ఒక పెద్దాయన, ఇంట్లో ఎవరూ లేనప్పుడు నన్ను ఏకబిగిన చదివి, యథాస్థానంలో పెట్టి, సాయంత్రం మళ్ళీ అరిచాడు. మనుషుల మీద నాకు కోపం రాదు, నవ్వొస్తుంది.

సెల్‌ఫోన్లు వచ్చాక షాపు వెలవెలబోయింది. మూసేసేనాడు వీరాస్వామి పుస్తకాలన్నీ అరుగు మీద పెట్టి, కావలసినవాళ్ళు పట్టుకుపొండి అన్నాడు. నరసాపురం నుంచి వచ్చిన ఒక లేసు పనిచేసే ఆవిడ, అల్లిన ముక్కలు చదునుగా ఉండటానికి బరువు పెట్టుకోవచ్చని నన్ను తీసుకుంది. నవలకు అంతకన్నా అవమానం ఉంటుందా అనుకున్నాను. ఆవిడ కూతురు ప్రశాంతి తొమ్మిదో తరగతి. ఆ పిల్ల లేసు ముక్కల కింద నుంచి నన్ను లాగి చదవడం మొదలుపెట్టి, వదల్లేక సోషల్ పుస్తకంలో దాచి బడికి తీసుకెళ్ళింది.

తెలుగు పీరియడులో దొరికిపోయాం.

"మళ్ళీ యువరాణేనా?" అన్నారు తెలుగు టీచరు. యాభైకి దగ్గరపడిన మనిషి. కథల పుస్తకాలు లాక్కోవడంలో ఆవిడకు బడిలో పెద్ద పేరు. "ఇవన్నీ ఒకటేనే. అమ్మాయి కిటికీ దగ్గర నిలబడుతుంది, ఎవడో వచ్చి బయట పడేస్తాడు. చదివి చదివి మీరూ కిటికీల దగ్గర నిలబడతారు."

ప్రశాంతి తల వంచుకునే జవాబిచ్చింది. "అన్నీ అలా ఉండవండి టీచర్ గారూ. ముప్పై ఒకటో వారంలో ఈ అమ్మాయి అలా నిలబడదండి. తాళాన్నే ప్రశ్న అడుగుద్దండి."

టీచరు చేతిలోని సుద్దముక్క ఆగిపోయింది.

"ఏ వారం?"

"ముప్పై ఒకటండి. అదొక్కటే చేత్తో రాసుందండి. నిజం చెప్పాలంటే మిగతాదంతా కళ్ళల్లో కళ్ళండి. ఆ ఆరు పేజీలే బాగుంటాయండి."

ఆవిడ నన్ను తీసుకున్నారు. ఆ వేళ్ళు తగలగానే నాకు తెలిసిపోయింది. పేజీలు నలగకుండా పట్టుకునే పట్టు అది. క్లాసులో తెరవలేదు. ఆఖరి గంట కొట్టాక, స్టాఫ్‌రూములో అందరూ వెళ్ళిపోయాక తెరిచారు. తన నీలి సిరా చూసుకుని మూసేయబోయారు. ముప్పై ఏళ్ళ కిందటి నవ్వు ఇంకా చెవుల్లోనే ఉందేమో. అప్పుడు మార్జిన్లు కనిపించాయి.

'ఇది ఎవరు రాశారో గానీ, ఇంకా ఏమైనా రాశారా? ఎక్కడ దొరుకుతాయి?'

'నాకూ.' 'నాకూ కావాలి.' ఇవి వేరు వేరు చేతివ్రాతలు.

'అసలు ముప్పై ఒకటో వారం మా ఇంట్లో ఉంది. అందులో ఆమె ఏడిస్తే కన్నీటిచుక్క తాళం మీద పడి తెరుచుకుంటుంది. ఇదే నయం.'

అన్నిటికన్నా కింద, బాల్‌పెన్నుతో, పేరు లేకుండా ఒకటి. 'ఉద్యోగం మానెయ్యమన్నారు. సరే అనబోయి ఈ తాళం గుర్తొచ్చి ఒక ప్రశ్న అడిగాను. వాళ్ళ దగ్గర జవాబు లేదు. డ్యూటీకి వెళ్తున్నాను.'

సుభాషిణి టీచరు ఆ నాలుగు లైన్లూ ఎన్నిసార్లు చదివారో నేను లెక్కపెట్టలేదు. కన్నీళ్ళతో తాళాలు తెరుచుకోకూడదని పదిహేడేళ్ళప్పుడే తేల్చేసిన మనిషి, ఆ సాయంత్రం నా మీద రెండు చుక్కలు రాల్చారు. కొంగుతో గబగబా అద్దారు గానీ సిరా కొంచెం అలుక్కుంది.

మర్నాడు ప్రశాంతిని పిలిచి నన్ను తిరిగి ఇచ్చేశారు. "సోమవారానికి పూర్తిచేసి పట్రా. మార్జిన్లో నీ అభిప్రాయం రాయకుండా తెచ్చావంటే ఊరుకోను" అన్నారు. ఆ పిల్ల నోరు తెరిచి అలాగే చూసింది. పుస్తకాలు లాక్కునే టీచరు మాట్లాడే మాటలేనా ఇవి అని ఆ చూపు. ఆవిడ బోర్డు వైపు తిరిగి పాఠం రాయడం మొదలుపెట్టారు.

సోమవారం నేను మళ్ళీ టీచరుగారి బల్ల మీదికి చేరాను. ముప్పై ఒకటో వారం చివర ప్రశాంతి గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది. 'టీచర్ గారూ, బోర్డు మీద కూడా మీ ళ ఇలాగే తోక తిప్పుకుంటుంది. ముప్పై రెండో వారం కూడా మీరే రాసుంటే బాగుండేదండి.'

ఇప్పుడు నా అట్ట ఊడొచ్చింది, దారాలు వదులయ్యాయి. మస్తానయ్య లేడు, కొత్తగా కుట్టేవాళ్ళూ దొరకలేదు. అందుకని సుభాషిణి టీచరు నన్ను రిబ్బనుతో కట్టి తన రాతబల్ల మీదే ఉంచుకున్నారు. నాకు పక్కనే ఒక కొత్త లాంగ్ నోట్‌బుక్కు వచ్చి చేరింది. కుర్రది, ఇంకా కాగితం వాసన పోలేదు. మొదటి పేజీ పైన 'ముప్పై రెండో వారం' అని ఉంది, కింద ఇప్పటికి పదకొండు పేజీలు నిండాయి. రేపు దాన్ని ప్రశాంతి పట్టుకెళ్తుందట. మార్జిన్లు మాత్రం ఈసారి టీచరుగారు వెడల్పుగా వదిలారు.