వెనక్కి నడిచిన దెయ్యం

మా సినిమాలో తప్పులు ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నీ నాకే తెలుసు. కథలో రాత్రి, మేం తీసింది మిట్టమధ్యాహ్నం. ఫోన్లో కాస్త నీలం రంగు కలిపితే వెన్నెల అయిపోతుందని చినబాబు అన్నయ్య అన్నాడు. అయింది కూడా. కానీ ఆ వెన్నెల్లో కొంగలు ఎగురుతున్నాయి, దూరంగా ఇద్దరు ఆడవాళ్లు మినుములు పీకుతున్నారు. హీరో గోపి మెడ మీద నెత్తురేమో బీట్‌రూట్ రసం. దానికి చీమలు పట్టేసరికి చచ్చిపోయినవాడు లేచి గోక్కున్నాడు.

అయినా అది మా సినిమా. పేరు ‘జీడితోట కాపలా’. అందులో దెయ్యం నేనే.

చినబాబు అన్నయ్య మా పెదనాన్న గోవిందరావు కొడుకు. ఎరువుల కొట్లో కూర్చోమంటే ఫోను పట్టుకుని తోటల్లో తిరుగుతున్నాడని పెదనాన్నకి కోపం. ఒకరోజు అన్నం తింటూ తేల్చి చెప్పేశాడు.

“ఒరే, నీ సినిమా ఊళ్లోవోళ్లకి సూపించు. ఒక్కడంటే ఒక్కడు జడుసుకున్నా నాను మరి నోరెత్తను. అందరూ నవ్వినారంటే మాత్రం ఆ ఫోను పక్కన పడేసి కొట్లో కూకోవాల. సరేనా?”

“సరే నాయనా” అన్నాడు అన్నయ్య. అప్పటికి అతని దగ్గర దెయ్యమే లేదు.

దెయ్యం వేషానికి మొదట మా వీధి హైమ ఒప్పుకుంది. కొబ్బరిముక్కలతో కోరలు చేసి ఇస్తే, ఫోను సర్దేలోగా తినేసింది. జుట్టు విరబోసుకోమంటే, “ఇప్పుడే తలంటుకున్నాను, దుమ్ము పడిపోతాది” అని ఇంటికి వెళ్లిపోయింది. అన్నయ్య జీడిచెట్టు కింద కూలబడ్డాడు. నేను గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఫోనుకి ఎండ తగలకుండా చూడడం నా పని.

అన్నయ్యా నేనూ ఇలాంటి చిన్న సినిమాలు ఫోన్లో చాలా చూశాం. దెయ్యాన్ని లాగే తాడు కనిపిస్తుంది, గోడ కదిలిపోతుంది, ఒకటే అరుపు పదిచోట్ల వినిపిస్తుంది. నవ్వుతూనే చూస్తాం. కానీ డబ్బు పోసి తీసిన పెద్ద సినిమాలో దెయ్యం ఎక్కడో బంగళాలో ఉంటుంది. ఈ చిన్న సినిమాల్లో మన వాకిలి లాంటి వాకిట్లోంచి, మన అరుగు లాంటి అరుగు మీదికి వస్తుంది. సినిమా అయ్యాక పెరట్లోకి వెళ్లాలంటే నాకు కాళ్లు రావు. వాటిలో నాకు నచ్చేది అదే.

దెయ్యానికి పాదాలు వెనక్కి ఉంటాయని ఎవరినడిగినా చెబుతారు. మేం చూసిన ఏ సినిమాలోనూ అది సరిగ్గా రాలేదు. గొడుగు కింద నిలబడి నేను అదే ఆలోచించాను. పాదాలు తిప్పక్కర్లేదు కదా, మనిషిని తిప్పేస్తే సరిపోతుంది. జుట్టు విరబోసుకుని కెమెరాకి వీపు పెడితే, ముఖం మీద జుట్టు పడినట్టే ఉంటుంది. చీర కూడా ముందుది వెనక్కి కట్టాలి. అలాగే వెనక్కి వెనక్కి నడుస్తూ కెమెరా దగ్గరికి రావాలి.

గోపి ముందు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంటికి వెళ్లి అమ్మతో చెప్పాను.

“ఏటే, నీకేటి పిచ్చా?” అంది అమ్మ. అని, కుచ్చిళ్లు వెనక్కి పెట్టి తనే కట్టింది. ఇంట్లో తెల్లచీర లేదు. అన్నయ్య పరిగెత్తి పెదనాన్న పెళ్లిళ్లకి కట్టుకునే పొందూరు పంచెల చాపు తెచ్చాడు. “మట్టి అంటనీకే తల్లీ, నాయన సంపేస్తాడు” అన్నాడు.

కెమెరా ఎదుట నిలబడాలంటే నాకు సిగ్గు. బళ్లో పద్యం చెప్పమన్నా అంతే. కానీ వీపు పెట్టి నడుస్తుంటే నా ఎదురుగా జీడిచెట్లు తప్ప ఎవరూ లేరు. వేరు తగిలి పడ్డాను. లేచి మళ్లీ నడిచాను. నడుస్తూ చేతులు వెనక్కి చాచాను. అది ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది. తర్వాత ఫోన్లో చూస్తే చేతులు ముందుకే వస్తున్నాయి కానీ మోచేతులు తప్పువైపు మడత పడుతున్నాయి. గోపి చూసి నాకు కాస్త దూరం జరిగాడు. నాకు చాలా సంతోషం వేసింది.

ఆదివారం మధ్యాహ్నం పెదనాన్న ఎరువుల గోడౌన్‌లో ఆట. షట్టర్ దించితే లోపల చీకటే. గోడకి దుప్పటి కట్టి, మా బడి సార్ ఇచ్చిన ప్రొజెక్టర్ పెట్టారు. పెద్దవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో, మిగతావాళ్లు బస్తాల మీద కూర్చున్నారు. నేను తెర పక్కన గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాను. నాకు తెర కంటే జనమే బాగా కనిపిస్తున్నారు.

మొదటి నుంచీ నవ్వులే.

“ఓలమ్మా, అది మన ఎర్రావు కాదేటే!” అంది జగ్గమ్మ.

“ఒరే గోపీ, సచ్చినోడివి గోక్కుంతావేటిరా!”

దూరంగా చెట్ల మధ్య దెయ్యం కనిపించగానే పెదనాన్న కుర్చీలో ముందుకు వంగాడు. “అది నా పంచెల సాపు రోయ్!”

గోడౌన్ అంతా దద్దరిల్లింది. అన్నయ్య తల ఎత్తలేదు. రేపటి నుంచి అతను యూరియా బస్తాలు లెక్కపెట్టుకోవాలని నాకు అర్థమైపోయింది.

అప్పుడు దెయ్యం దగ్గరికి రావడం మొదలుపెట్టింది. మా దగ్గర సంగీతం లేదు, ఎండిన జీడాకుల చప్పుడు ఒక్కటే. ముందు వరసలో నవ్వు ఆగింది. తర్వాత వెనక ఆగింది. “కాళ్లు... దాని కాళ్లు సూడండే” అని దాలమ్మ గొణిగింది. చేతులు వచ్చాయి. జుట్టు తెరంతా నిండిపోయింది.

అమ్మ కెవ్వుమని అరిచింది. నాకు ఆ చీర కట్టిన అమ్మే!

ఆట అయిపోయింది. షట్టర్ ఎత్తారు.

“ఎవుడు జడిసినాడు? సెప్పండి” అన్నాడు పెదనాన్న.

ఎవరూ ఒప్పుకోలేదు. జగ్గమ్మకి గొంతు పొరబోయిందట. దాలమ్మకి చలేసిందట, ఆ ఉక్కలో.

“పిన్ని అరిసినాది కదా నాయనా” అన్నాడు అన్నయ్య.

“అది లెక్కకి రాదు. సొంత కూతుర్ని తెర మీద సూసుకుని మురిసిపోనాది.”

“మురిసిపోతే అలగ అరుస్తారేటి బావగారూ?” అంది అమ్మ. అందరూ నవ్వారు. అన్నయ్య నవ్వలేదు. వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

నేను చూసింది ఇంకెవరూ చూడలేదు. చెప్పకపోతే అంతా అయిపోతుంది. లేచి నిలబడ్డాను.

“పెదనాన్నా” అన్నాను.

అంతమందీ నావైపు తిరిగారు.

“ఏటే తులసీ?”

“నీ కాళ్లు సూసుకో.”

“నా కాళ్లకేటయినాది?”

“కుర్చీ మీదున్నాయి.”

పెదనాన్న కిందికి చూసుకున్నాడు. కుర్చీలో గొంతుకూర్చుని ఉన్నాడు. మోకాళ్లు గడ్డం దగ్గర ఉన్నాయి. చెప్పులు రెండూ ఖాళీగా నేల మీద ఉన్నాయి. ఎప్పుడు ఎత్తుకున్నాడో అతనికే తెలియదు.

ముందు జగ్గమ్మ పకపకా నవ్వింది, తర్వాత గోడౌన్ మొత్తం నవ్వింది. పెదనాన్న మెల్లగా కాళ్లు దించి, చెప్పులు తొడుక్కుని, నన్ను ఎగాదిగా చూశాడు.

“దీనికి నోరున్నాదేటిరా! ఇన్నాళ్లూ ఎక్కడ దాసినాది?” అన్నాడు. అన్నయ్య వైపు తిరిగి, “ఆ వైర్లు ఇప్పు. ఆ ముక్క మళ్లీ ఎయ్యి. ఈసారి ఇంకెవుడెవుడు కాళ్లెత్తుతాడో నానూ సూత్తాను” అన్నాడు.

షట్టర్ దించడానికి గోపి లేవబోయాడు. నేనే వెళ్లి దించాను.