కర్నల్ గారి ఎదుటి కుర్చీ

నేను ఒక మడత కుర్చీని. టేకు కాళ్లు, ఖాకీ కాన్వాసు. దేవలాలీ బజారులో ఒక వడ్రంగి నన్ను చేసి దుకాణం బయట పెట్టాడు. ఫిరంగి దళంలో కొత్తగా చేరిన కుర్ర లెఫ్టినెంటు ఒకాయన వచ్చి, కూర్చుని, అటూ ఇటూ ఊగి చూసి, బేరమైనా ఆడకుండా చంకన పెట్టుకుపోయారు. ఆయనే ఇప్పిలి భానోజీరావు గారు. విజయనగరం మనిషి.

ఆయన ఉద్యోగమంతా ఆయన వెంటే తిరిగాను. ఎడారిలో ఇసుక తిన్నాను, ఈశాన్యపు కొండల్లో బూజు పట్టాను. ఫిరంగి పేలినప్పుడల్లా నా కాళ్లు నేలలోకి దిగబడేవి. జవాన్లు చెవుల్లో దూది పెట్టుకునేవారు. ఆయన పెట్టుకునేవారు కాదు. ఆఫీసరే చెవులు మూసుకుంటే వీళ్లేమనుకుంటారోనని. నిజానికి వాళ్లేమీ అనుకునేవారు కాదు. ఆ మోతలో ఆయన చెవులు ఎవరికి పట్టాయి? ఎవరూ చూడని చోట గొప్పకు పోవడం మనుషులకే చేతనవును.

కర్నల్‌గా రిటైరై సొంత ఊరు చేరాక, చుట్టుపక్కల పల్లెల మాజీ సైనికులు పింఛను కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవారు. పని అయిపోయేది. అయినా లేచేవారు కాదు. చేతులు తొడల మధ్య పెట్టుకుని ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయేవారు. వీళ్లు వచ్చింది కాగితాల కోసం మాత్రమే కాదని కొన్నాళ్లకు ఆయనకు తట్టింది. ఆ వయసులో బెంగళూరు వెళ్లి, పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని, మనసు గాయపడినవాళ్లతో ఎలా మాట్లాడాలో చదువుకుని వచ్చారు. వీధి గది ఖాళీ చేసి నన్ను అందులో వేశారు. అప్పటిదాకా ఆయన నా మీద కూర్చుంటే జవాన్లు నిలబడేవారు. ఇప్పుడు వాళ్లు నా మీద, ఆయన ఎదురుగా స్టూలు మీద.

ఆ పనిలో ఆయన నిజంగా మంచివారు. సలహాలు చెప్పేవారు కాదు, తొందరపెట్టేవారు కాదు. టపాసు పేలితే మంచం కింద దూరే మనిషి ఒకడు, ఏడాది తిరిగేసరికి మనవడితో కలిసి దీపావళి చేసుకున్నాడు. అలాంటివి చూశాను.

కానీ ఆయన చెవులు పోతున్నాయి. ఫిరంగులు అప్పుడే తినవలసినంత తినేశాయి, మిగిలింది వయసు తీసుకుంటోంది.

"డాక్టరుకి చూపించుకోండీ, మీ టీవీ వీధి చివరికి వినిపిస్తోంది," అనేవారు భార్య సుభద్రమ్మ.

"నాకు బాగానే వినిపిస్తోంది," అనేవారు ఆయన.

వినడమే పనిగా పెట్టుకున్నవాడికి చెవుడని తెలిస్తే ఇక ఎవరు వస్తారని ఆయన భయం. పెదాలు చూసి గ్రహించడం నేర్చుకున్నారు. గుబురు మీసాల వెనక పెదాలు కనిపించకపోతే, ముఖం చూసి తల ఊపేవారు. గుండెలో ఉన్నది బయటపెట్టేటప్పుడు మనుషులు గొంతు పెంచరు. పైగా తల దించుకుంటారు.

పైడి కూర్మారావు అలా తల దించుకునే మనిషి. మంచుకొండల మీద పనిచేసి వచ్చిన హవల్దారు. చాలాకాలం వచ్చాడు. వానల గురించి, ఎద్దుల గురించి, పొలంలో తవ్విస్తున్న బావి గురించి తప్ప నోరు మెదిపేవాడు కాదు. ఆ రోజు కూడా బావి గురించే మొదలెట్టాడు. మధ్యలో ఆగాడు. నా చేతుల మీద అతని వేళ్లు బిగుసుకున్నాయి.

"మంచు కూలిపోనాది సాబ్. మా జట్టోడు అప్పన్న లోపలుండిపోనాడు. తవ్వినాను. సేతులు మొద్దుబారిపోనాయి. ఆడింకా పిలుస్తన్నాడు సాబ్... నాను తవ్వడం ఒగ్గీసినాను."

అంత మెల్లగా అన్నాడు, నాకే అతి కష్టం మీద వినిపించింది. కర్నల్ గారికి తవ్వడం అన్న ఒక్క మాట అందింది, వదిలేశానన్నది అందలేదు. ముఖం విప్పారింది.

"మంచి పని చేశావు కూర్మారావ్," అన్నారు.

కూర్మారావు తలెత్తి ఆయన నవ్వు చూశాడు. లేచి, సెల్యూట్ కొట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఎదురుచూసి ఎదురుచూసి, కర్నల్ గారు నన్ను జీపులో వేసుకుని వాళ్ల ఊరు వెళ్లారు. కింద కూర్చోడానికి మోకాళ్లు వంగవు కనుక ఎక్కడికి వెళ్లినా నన్ను తీసుకెళ్లడం అలవాటు. కూర్మారావు అరుగు మీద ఉన్నాడు. ఈసారి కోపంతో గట్టిగానే మాట్లాడాడు.

"నా మనిషిని నాను ఒగ్గీసినానని సెప్తే, మంచి పనన్నారు. నవ్వినారు కూడాను. ఎందుకు సాబ్?"

కర్నల్ గారి ముఖంలో రక్తం ఇంకిపోయింది. చేత్తో తన చెవి తాకి అన్నారు: "నాకు చెవుడు కూర్మారావ్. ఆ రోజు నువ్వన్నది నేను వినలేదు. బావి సంగతి అనుకున్నాను."

"ఇనలేదా?"

"లేదు. ఇప్పుడు చెప్పు. దగ్గరగా కూర్చుంటాను."

కూర్మారావు నోరు తెరిచాడు. చివరికి తల అడ్డంగా తిప్పాడు.

"ఒక్కసారే వొచ్చింది సాబ్. ఇంక రాదు."

కర్నల్ గారికి మంచినీళ్లిచ్చి, జీపు దాకా నన్ను మోసుకొచ్చాడు. కోపం పోయింది. ఆ గదికి మాత్రం తిరిగి రాలేదు.

ఇంటికి చేరాక సుభద్రమ్మతో అన్నారు: "ఇంకెంతమందికి ఇలా తల ఊపానో."

మర్నాడే చెవికి మిషను పెట్టించుకున్నారు. వీధి గదికి తాళం వేశారు. తరవాత తన దగ్గరికి వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే వెతుక్కుంటూ బయల్దేరారు. కొందరు ఊళ్లు వదిలిపోయారు. కొందరు ఆదరంగా కూర్చోబెట్టారు కానీ, పాత మాటలు ఎత్తలేదు.

ఆఖరున కిల్లి జోగులు ఇంటికి వెళ్లాం. గోడ మీద అతని ఫోటోకి దండ వేసి ఉంది. అతని భార్య నీలమ్మ నన్ను తానే వాల్చి, ఆయన్ను కూర్చోమంది.

"మీకాడికొచ్చిన్నాడు రాత్రి మా ఆయన పిల్లడిలా నిదరపోయేవోడు బాబూ. మాకెవులికీ సెప్పేవోడు కాదు. మీతో ఏటి సెప్పుకునేవోడు?"

కర్నల్ గారి బరువంతా ఒక్కసారి నా కాన్వాసు మీద పడింది. చేతులు జోడించారు.

"నాకు వినపడలేదమ్మా."

పాపం, ఆవిడ అర్థం చేసుకున్నది వేరు. చెవిలో మిషను చూసింది, ఇంకాస్త దగ్గరికి జరిగింది, అడిగిందే మళ్లీ గట్టిగా అడిగింది.