రెండు మూరల ఎత్తు

డ్రిల్లు ఆపి, గోడలో పడిన కన్నంలోకి గట్టిగా ఊదాడు. ఎర్రటి ఇటుకపొడి అంతా తిరిగొచ్చి అతని కళ్లద్దాల మీదే పడింది. ప్రతిసారీ అలాగే పడుతుంది, ప్రతిసారీ అతను అలాగే ఊదుతాడు. చొక్కా అంచుతో అద్దాలు తుడుచుకుని, ప్లాస్టిక్ ప్లగ్గును కన్నంలో పెట్టి సుత్తితో మెల్లగా కొట్టాడు. అది సగం దిగి మొండికేసింది. మిగిలిన సగాన్ని కూరగాయల చాకుతో కోసేశాడు.

అక్క ఇంటి నడవాలోకి పొద్దుటి ఎండ ఏటవాలుగా వస్తోంది. ఆ ఎండలో పొడి కిందికి దిగే తొందరేమీ లేనట్టు తేలుతోంది. దాన్ని చూస్తూ చూస్తూ చేతిలో స్క్రూ ఉన్న సంగతే మరిచిపోయాడు. తను పనిచేసే బట్టల కొట్లోనూ అంతే. కొలుస్తున్న గుడ్డ రంగులోకి అలా వెళ్లిపోయేవాడు. యజమాని "ఏ లోకంలో ఉన్నావయ్యా!" అని కేకేస్తే గానీ ఈ లోకంలోకి వచ్చేవాడు కాదు.

ఉద్యోగం బట్టల కొట్లో, ప్రాణం మాత్రం రిపేర్లలో. సెలవు దొరికితే చాలు, సంచీలో పనిముట్లు వేసుకుని చుట్టాల ఇళ్ల మీద పడేవాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అతను బాగుచేసిన ఒక ఇంట్లో వంటింటి లైటు వేస్తే వీధి గుమ్మం దగ్గర గంట మోగుతుంది. మరో ఇంట్లో కుళాయి ఎడమకు తిప్పితే నీళ్లు ఆగుతాయి, కుడికి తిప్పితే వస్తాయి. ఇంటివాళ్లు దానికే అలవాటుపడి ఇప్పుడు ఊళ్లోని మిగతా కుళాయిలన్నిటినీ తిడుతున్నారు. పని పూర్తికాగానే రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసి, "ప్రస్తుతానికి ఇలా కానిద్దాం" అనేవాడు. అందుకే పిల్లలకీ పెద్దలకీ అతను ప్రస్తుతం మావయ్య అయ్యాడు.

ఆ పేరు పెట్టినవాళ్లు వేళాకోళానికే పెట్టారు గానీ, ఆలోచిస్తే అతని బతుకంతా ఆ మాట మీదే నడిచింది. మీసాలు రాని వయసులో ప్రస్తుతానికని కొట్లో చేరాడు. ఇప్పుడా మీసాలు నెరిశాయి. మేడ మీద ఒంటి గది ప్రస్తుతానికని అద్దెకు తీసుకున్నాడు. సంబంధాలు వచ్చినప్పుడు "ప్రస్తుతానికి వద్దులెండి" అన్నాడు. అడిగేవాళ్లు కొన్నాళ్లు అడిగి, తర్వాత మానేశారు. అతనికి బాధ లేదని కాదు. బాధపడటం కూడా తర్వాత చూసుకోవచ్చని వాయిదా వేశాడు.

ఈ పని మాత్రం వేరు. అక్క జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ ఏదో ఒకటి పట్టుకోకుండా నడవలేకపోతోంది. పగలు కూతురు ఉద్యోగానికి వెళ్లిపోతే, మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చి చెయ్యి పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్తుంది. తలుపు పూర్తిగా వెయ్యదు, మళ్లీ పడుతుందేమోనని. పోయిన వారం అతను గ్లాసుతో నీళ్లిస్తే అక్క పెదాలు తడుపుకుని పక్కన పెట్టేసింది.

"దాహం లేదురా" అంది. పెదాలు పగిలి ఉన్నాయి.

మెట్లు దిగుతుంటే అతనికి విషయం తట్టింది. ఒకరిని పిలవాల్సి వస్తుందని అక్క నీళ్లు తాగడం మానేసింది. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

మర్నాడు కొట్లో, పాత రోజుల్లో బట్టలు వేలాడదీసిన పొడవాటి కర్రలు కావాలని యజమానిని అడిగాడు. గాజు అరలొచ్చాక అవి మూలన పడి ఉన్నాయి. అతని అరచేతులకే నునుపెక్కిన కర్రలు. అక్క గది గుమ్మం నుంచి బాత్రూము దాకా గోడకి వాటిని బిగిస్తే, పట్టుకుని ఆమే నడుస్తుంది. ఎంత ఎత్తులో పెట్టాలని ఫోనులో అడిగితే అక్క ఆలోచించి చెప్పింది: "రెండు మూరల ఎత్తుంటే చాలురా."

జీవితమంతా మీటరు బద్దతో బట్ట కొలిచిన మనిషి, అక్క నోట మూర అన్న మాట వినగానే మీటరు సంగతి మరిచిపోయాడు. ఈ పొద్దున నేల మీద మోచెయ్యి ఆనించి, గోడ వెంట రెండు మూరలు కొలిచి, పెన్సిలుతో గీత గీశాడు. ఆ గీత మీదే ఇంతసేపూ కన్నాలు వేసి, కర్ర బిగించి, అక్కను లేపుకొచ్చాడు.

అక్క చెయ్యి చాచి కర్ర పట్టుకుంది. భుజం చెవి దాకా లేచింది.

"ఇదేంట్రా? బస్సులో నిలబడి వెళ్తున్నట్టుంది."

"రెండు మూరలేగా చెప్పావు!"

"ఎవరి మూరలు?"

అతను తన చేతివంక చూసుకున్నాడు. అక్క తన చెయ్యి తెచ్చి అతని చేతి పక్కన పెట్టింది. మోచేతులు రెండూ సమంగా ఉంటే, ఆమె వేళ్ల కొనలు అతని అరచేతి మధ్యకే వచ్చి ఆగాయి. చిన్నప్పుడు ఇంట్లో అక్క మూరే మూర. తాడైనా గుడ్డైనా ఆమే కొలిచేది, అప్పట్లో ఆమె చెయ్యే పొడుగు. ఆ తర్వాత అతని చెయ్యి ఎప్పుడు పెరిగిందో ఇద్దరూ గమనించలేదు. అక్కకు నవ్వాగలేదు.

"నవ్వించకురా, పడిపోతాను" అంటూనే నవ్వింది.

బడికి వెళ్లే దారి అతనికి లీలగా గుర్తొచ్చింది. అక్క రెండు చేతుల్లోనూ పుస్తకాలుండేవి. అతను ఆమె జడ కొస పట్టుకుని వెనకాల నడిచేవాడు. కళ్లు మూసుకుని నడిచినా భయం వేసేది కాదు. ఆ జడ ఇప్పుడు వేలంత సన్నబడి ఆమె భుజం మీద ఉంది. దాన్ని చూస్తుంటే అతని కళ్లు చెమర్చాయి. ఇటుకపొడి పడిందన్నట్టు తుడుచుకున్నాడు.

"పోనీలే, ప్రస్తుతానికి ఉండనీ. నేనే అలవాటు చేసుకుంటా" అంది అక్క.

"లేదక్కా. ఇది ప్రస్తుతానికి కాదు."

ఆ మాట అతని నోటి నుంచి వచ్చేసరికి అక్క వింతగా చూసింది. అతను అప్పటికే స్క్రూలు విప్పుతున్నాడు.

ఈసారి కొలతలేమీ పెట్టుకోలేదు. అక్కను గోడ పక్కన నిలబెట్టి, ఆమె చెయ్యి హాయిగా ఆగిన చోట అరచేతి కింద గీత గీశాడు. కర్ర కొయ్యడం తనకు చేతకాదని బాగా తెలుసు కాబట్టి ఉన్న పొడవంతా బిగించాడు. అందువల్ల అది బాత్రూము దాటి, నడవా చివర కిటికీ దాకా వెళ్లింది. బిగించాక ప్రతి బ్రాకెట్ దగ్గరా తన బరువంతా వేసి వేలాడి చూశాడు. గోడ ఉలకలేదు, పలకలేదు. ఎడమ భుజం లాగుతున్నట్టనిపిస్తే రుద్దుకున్నాడు.

అక్క నడిచింది. మొదట రెండు చేతులతో, తర్వాత ఒక్క చేత్తో. అతను చేతులు చాచుకుని వెనకాలే నడిచాడు గానీ ముట్టుకోలేదు. ఆమె బాత్రూములోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడైంది. కొట్లో అన్నేళ్లు విన్న ఏ పొగడ్తా అతనికి అంత తీయగా అనిపించలేదు. తిరిగొచ్చి మంచం మీద కూర్చుని అక్క నీళ్లడిగింది. గ్లాసు ఖాళీ చేసి, మళ్లీ చాపింది.

ఇక మిగిలింది మొదటి వరస కన్నాలు. తెచ్చిన తెల్ల సిమెంటు పొట్లం విప్పి, ఒక స్టీలు గిన్నెలో పోసి, నీళ్లు చేర్చి చెంచాతో కలిపాడు.

"గిన్నె పాడుచేశావో, అమ్మాయి నిన్ను బతకనివ్వదు" అంది అక్క లోపల్నుంచి.

"ఐదు నిమిషాల్లో కడిగి పెట్టేస్తాగా. కాస్త చిక్కబడనీ. ఈలోగా నడుం వాలుస్తా."

గిన్నె కిటికీ గట్టు మీద పెట్టి, పక్కనున్న కుర్చీలో వెనక్కి వాలాడు. నడవాలోని ఎండ అతని పాదాల దాకా వచ్చింది. పొడి ఇంకా గాలిలోనే ఉంది. అది ఏ రంగో తేల్చుకోవాలన్నట్టు చూస్తూ కళ్లు మూశాడు.

తమ్ముడున్నాడని ఆ రోజు పక్కింటావిడ రాలేదు. అక్కకు కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. తాగిన నీళ్లు తమ పని చేశాయి. తమ్ముణ్ణి పిలవబోయి, ఎందుకని తనలో తనే నవ్వుకుని లేచింది. కర్ర పట్టుకుని వెళ్లింది, గడియ వేసుకుంది, బయటికి వచ్చింది. మంచం వైపు తిరగకుండా కిటికీ వైపు నడిచింది. ఒక్కదాన్నే వచ్చానురా, చూడు, అని చెప్పాలని ఆమె సరదా. కర్ర అయిపోయే చోట అతని భుజం అందింది.

"ఒరేయ్... లేవరా, చూడు."

మెల్లగా కదిపింది. అతని తల ఆమె చేతి వైపు ఒరిగింది. ఆమెకు అర్థమైంది. అరవలేదు. ఒక చేత్తో కర్రను, ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకుని, సాయంత్రం కూతురు తన తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వచ్చేదాకా అక్కడే నిలబడి ఏడ్చింది. అంతసేపు నిలబడగలనని ఆమెకే తెలియదు.

పరామర్శకు వచ్చినవాళ్లు గోడ మీద పై వరస కన్నాలు చూసి, పని సగంలో ఆగిపోయిందనుకున్నారు. పూడ్పిస్తానని కూతురు అంటే అక్క ఒప్పుకోలేదు. రోజూ కిటికీ దాకా నడిచి వెళ్తుంది, కాసేపు నిలబడి వస్తుంది. గట్టు మీద స్టీలు గిన్నెలో తెల్ల సిమెంటు రాయిలా బిగుసుకుపోయింది. దాని మధ్యలో చెంచా నిలువుగా నిలబడి ఉంది, కాడ మీద తెల్లగా అతని బొటనవేలి ముద్రతో.