ఎడమ కాలి కింది బ్రేకు

బండి తుడవడం ఆమె పని, నడపడం ఆయన పని. రోజూ పొద్దున్నే పాత బనియను ముక్క తడిపి ట్యాంకూ, సీటూ, అద్దాలూ తళతళలాడేలా తుడిచి పెడితే, ఆయన వచ్చి కిక్కు కొట్టి వెళ్ళిపోతాడు. ఆ మోటారుసైకిలు మీద ఏ గీత ఎక్కడుందో ఆయన కన్నా ఆమెకే బాగా తెలుసు. వెనక సీటు మీద ఒదిగి కూర్చోవడం కూడా ఆమె పనే అనుకోండి.

"మా ఆవిడకి సైకిలు కూడా రాదండీ," అంటుంటాడు ఆయన నలుగురిలో. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. ఆ నవ్వు తలుచుకుంటేనే ఆమెకి సిగ్గు. ఎందుకంటే ఆమెకి బండి వచ్చు. కాలేజీ రోజుల్లో తండ్రి తన పాత బండి మీద దగ్గరుండి మరీ నేర్పించాడు. "సంబంధం వాళ్ళ ముందు ఆ సంగతి ఎత్తకు, మగరాయుడనుకుంటారు," అంది తల్లి. ఎత్తలేదు. "బండ్లూ గిండ్లూ నడిపే రకం కాదు కదా అమ్మాయ్?" అని కాబోయే అత్తగారు అడిగితే తల అడ్డంగా ఊపింది. ఒకసారి అడ్డంగా ఊపిన తలని నిలువుగా ఊపడానికి ఇన్నేళ్ళలో సందు దొరకలేదు. తన ఆఫీసులో ఆలస్యమైనప్పుడల్లా ఆయన కోసం గేటు దగ్గర కాచుకుని నిలబడుతుంది. ఆయన వచ్చి "నీ మూలంగా నా సాయంత్రమంతా పోయింది," అంటే, "సారీ అండీ," అంటుంది. చేతనైన పనిని చేతకాదని చెప్పుకుని, పైగా దానికోసం మాటలు పడటం. ఇంతకన్నా తెలివితక్కువతనం ఉంటుందా అని తనని తానే తిట్టుకుంటుంది.

ఆ రోజు అందరికీ సెలవు. అందరికీ అంటే ఆమెకి తప్ప. ఆయన టీ మీద టీ తాగి, కడుపునిండా తిని, ఫ్యాను కింద గుర్రు పెట్టాడు. గిన్నెలు కడిగి కిటికీ దగ్గరికొస్తే వీధంతా ఖాళీగా ఉంది. కొట్లన్నిటికీ షట్టర్లు దించేసి ఉన్నాయి. పక్కనే మేకుకి బండి తాళంచెవి వేలాడుతోంది. ఆలోచించి తీసుకుంది కాదు, చెయ్యి దానంతటదే వెళ్ళింది. సొంత ఇంట్లో దొంగలా చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.

బండెక్కాక చూసుకుంటే, ముందు ఆయనకి చోటు వదిలి వెనక్కి జరిగి కూర్చుని ఉంది. చూసినవాళ్ళెవరూ లేకపోయినా మొహం వేడెక్కింది. ముందుకి జరిగింది. రెండుసార్లు ఇంజను ఆగిపోయింది, మూడోసారి కదిలింది. సందు దాటి పెద్ద రోడ్డెక్కేసరికి చేతులకి పాత చదువంతా గుర్తొచ్చింది. తను కాచుకుని నిలబడే ఆఫీసు గేటు ముందునుంచి ఆగకుండా వెళ్ళిపోయింది. అప్పుడు నవ్వొచ్చింది, గట్టిగానే. తన నవ్వు అలా ఉంటుందని ఆమె మరిచేపోయింది.

తిరిగొస్తుంటే ఇంటి దగ్గర మలుపులో కుక్క అడ్డమొచ్చింది. ఎడమ కాలు గభాలున తొక్కింది. బండి ఆగలేదు, ఒక్క గుంజు గుంజి పక్కకి ఒరిగిపోయింది. మోకాలు చీరుకుపోయింది, ముందు లైటు పగిలింది.

తాముండే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర్నుంచి ముసలి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి బండిని లేపి స్టాండేశాడు.

"బాగా తగిలిందా అమ్మా?"

"ఎవరికీ చెప్పకు," అంది. అనగానే సిగ్గుతో చచ్చినంత పనైంది. తన బతుకులో దాపరికాలు చాలవన్నట్టు, ఆ ముసలాయన్ని కూడా అందులోకి లాగింది.

సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తుంటే కింద ఆయన అరుపులు వినబడ్డాయి. "నిద్రపోవడానికా నిన్ను పెట్టింది? ఎవడో గుద్దేసి పోతే నీకు తెలీదా? సెక్రటరీతో చెప్పి రేపే తీయించేస్తాను!"

వాచ్‌మన్ పైకి చూశాడు. ఆమె కళ్ళబడగానే తల దించుకుని, "నేను చూళ్ళేదు సార్," అన్నాడు.

ఆమె తేలుకుట్టిన దొంగలా బట్టల చాటున నిలబడిపోయింది. తన అబద్ధం ఇన్నాళ్ళూ తన పరువే తీసిందనుకుంది. ఇప్పుడది ఇంకొకరి కూడు తీసేలా ఉంది. బట్టలు అక్కడే వదిలేసి కుంటుకుంటూ మెట్లు దిగింది.

"అతన్నేమీ అనకండి. బండి పడేసింది నేను."

ఆయన వెర్రిచూపు చూసి, పగలబడి నవ్వాడు. "నువ్వా? సైకిలు కూడా రాదే నీకు! ఇతన్ని వెనకేసుకురావడానికి ఇంకేం దొరకలేదా?"

మామూలుగా అయితే ఆమె కూడా నవ్వాల్సిన చోటు అది. నవ్వలేదు.

"కుక్క అడ్డమొస్తే బ్రేకనుకుని ఎడమ కాలు తొక్కాను. మీ బండికి అక్కడ గేరుంది. మా నాన్న పాత బండికి బ్రేకు ఎడమ కాలి కిందే ఉండేది."

ఆయన నవ్వు ఆగిపోయింది. బండి రానివాళ్ళు అబద్ధానికైనా ఆ మాట చెప్పలేరని ఆయనకి తెలుసు.

"అంటే ఇన్నేళ్ళూ నాకు అబద్ధం చెప్పావా? సిగ్గుగా లేదూ?"

"ఉందండీ. చాలా ఉంది," అంది. "మీరు నన్ను చూసి నవ్వినప్పుడల్లా, మీతోపాటు నేనూ నవ్వాను."

హ్యాండిలుకి వేలాడుతున్న బనియను గుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"రేపు బండి మీది, మీరే తుడుచుకోండి. ఎల్లుండి ఆఫీసుకి నేను తీసుకెళ్తాను. ఆ రోజు నేను తుడుస్తాను."